పాత బేస్‌బాల్ కార్డు కొనే ముందు: ఎక్కడ అరుదు, ఎందుకు అరుదు

న్యూజెర్సీలో మా ఇంటికి దగ్గర్లో ఒక హోటల్ హాల్లో నెలకోసారి కార్డుల సంత జరుగుతుంది. పొడవాటి బల్లలు, వాటి మీద అద్దాల పెట్టెలు, ఆ పెట్టెల్లో యాభై ఏళ్ళ నాటివీ నూరేళ్ళ నాటివీ అట్టముక్కలు. ఏ బల్ల దగ్గర ఆగినా ముందు వినిపించే మాట ఒకటే: ఇది చాలా రేర్. ఆ ఒక్క మాటకు నాలుగైదు వేర్వేరు అర్థాలున్నాయని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది, కొంత డబ్బూ పోయింది. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు, కార్డులు అడుగుతున్నారు. "ఎలాగూ కొంటున్నాం, పాతది ఒకటి మంచిది కొందాం, ఏది కొనాలి?" అని అడిగే తెలుగువాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళతో కూర్చుని చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ కార్డులను ఎవరూ దాచుకోవడానికి తయారు చేయలేదు. మొదట్లో సిగరెట్ పెట్టె నలగకుండా లోపల పెట్టే గట్టి కాగితం మీద ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేశారు. తర్వాత మిఠాయిలతో, 1930ల నుంచి బబుల్‌గమ్‌తో ఇచ్చారు. మన చిన్నప్పుడు గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చినట్టే. పిల్లలు వాటికి రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కుకున్నారు, సైకిలు చక్రం పుల్లలకు తగిలించి టపటపలాడించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాలు పోగుచేసినప్పుడు బోలెడన్ని పోయాయి. మిగిలినవాటిని పిల్లవాడు పెద్దయ్యాక ఇల్లు సర్దుతూ వాళ్ళమ్మ పారేసింది. అందుకే ఎన్ని అచ్చయ్యాయి అన్నదానికీ, ఇవాళ ఎన్ని మిగిలాయి అన్నదానికీ పొంతన ఉండదు.

వాగ్నర్ పక్కన డోయల్

ఈ ఆటతో సంబంధం లేనివాళ్ళు కూడా విన్న కార్డు హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు ఆటగాడిది. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్లతో పంచిన సెట్టులోది. ఆ సెట్టును ఇప్పుడు అందరూ టీ206 అంటారు. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు. జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన పాత కార్డులన్నిటికీ ఒక పట్టిక తయారు చేస్తూ, ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు టీ అక్షరం కేటాయించాడు. ఆయన సేకరణ ఇవాళ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. బేస్‌బాల్ కార్డులే 30,000కు పైగా. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

వాగ్నర్ కార్డు అచ్చు మొదలైన కొద్దికాలానికే ఆగిపోయింది. తన బొమ్మ పొగాకుతో పాటు పిల్లల చేతికి వెళ్ళడం ఆయనకు నచ్చలేదని కొందరంటారు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని కొందరంటారు. ఇప్పటిదాకా బయటపడ్డవి సుమారు 50 నుంచి 60. వాటిలో ఒకటి 2022 ఆగస్టులో 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

అదే సెట్టులో జో డోయల్ కార్డు ఉంది. ఈయన ఆడింది న్యూయార్క్‌లోని అమెరికన్ లీగ్ జట్టుకు. పొరపాటున కొన్ని కార్డుల మీద నేషనల్ లీగ్ అని పడింది, వెంటనే సరిదిద్దారు. ఆ తప్పు అచ్చు కార్డులు ఇప్పటికి పది కూడా బయటపడలేదు. లెక్క ప్రకారం చూస్తే వాగ్నర్ కంటే ఇది ఎన్నో రెట్లు అరుదు. ధరలో మాత్రం వాగ్నర్ దరిదాపుల్లోకి రాదు. వాగ్నర్ 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు (బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితాకు) ఎంపికైన మొదటి ఐదుగురిలో ఒకడు; ఆయన కార్డు కావాలని బేస్‌బాల్ చూసే ప్రతివాడూ అనుకుంటాడు. డోయల్ కార్డు కావాలనుకునేది మాత్రం ఆ సెట్టును వేలు పెట్టి లెక్కపెట్టేవాళ్ళే. ఎన్ని ఉన్నాయి అన్నది సగం ప్రశ్న. ఉన్నవాటి కోసం ఎంతమంది నిలబడ్డారు అన్నది మిగతా సగం. బల్ల వెనకాల ఉన్నాయన మొదటి సగమే చెప్తాడు, రెండోది మనమే అడగాలి.

దీన్ని తిరగేస్తే మికీ మాంటిల్ కనిపిస్తాడు. టాప్స్ అనే గమ్ కంపెనీ 1952లో వేసిన సెట్టులో 311వ నంబరు. యుద్ధం తర్వాతి కార్డుల్లో ఇంత పేరున్నది ఇంకోటి లేదు. 2022 ఆగస్టులోనే ఒకటి 1.26 కోట్ల డాలర్లు పలికింది. కానీ అచ్చు షీటు మీద మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులు రెండేసి చోట్ల ఉన్నాయి. అంటే అదే విడతలో (సిరీస్‌లో) మనం పేరు కూడా వినని ఆటగాడి కార్డు కంటే మాంటిల్ కార్డే ఎక్కువ అచ్చయింది. పైగా మాంటిల్ మొదటి కార్డు అది కానే కాదు. అంతకు ముందు ఏడాది, 1951లో, బోమన్ కంపెనీ వేసిన 253వ నంబరుది మొదటిది. ఒకే గ్రేడులో (కార్డు ఎంత బాగుందో చెప్పే మార్కు) ఉన్నవి పక్కపక్కన పెడితే బోమన్ ధర టాప్స్ ధరలో సగానికి కూడా రాదు. మాంటిల్ కావాలి, బడ్జెట్‌కు హద్దుంది అనే మనిషికి నేను ఆలోచించకుండా బోమన్ చూపిస్తాను. చేత్తో గీసిన రంగుల బొమ్మ, భుజం మీద బ్యాటు, వెనక ఆకాశం. టాప్స్ కార్డు కంటే చిన్నదైనా నా కంటికి ఇదే అందం.

సీజన్ ముగిసేటప్పుడు వచ్చినవి

మధ్యతరగతి జేబుకు అందే నిజమైన అరుదైన సరుకు ఎక్కువగా ఇక్కడే ఉంది. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

టాప్స్ కంపెనీ 1973 దాకా సెట్టు మొత్తాన్ని ఒకేసారి విడుదల చేసేది కాదు. ఏప్రిల్ నుంచి సీజన్ పొడుగునా సిరీస్‌ల లెక్కన వదిలేది. చివరి సిరీస్ దుకాణాలకు చేరేసరికి ఎండాకాలం అయిపోయేది, పిల్లలు బడికెళ్ళిపోయేవాళ్ళు, ఫుట్‌బాల్ కార్డులు వచ్చేసేవి. దుకాణదారులు ఆ చివరి పెట్టెలు తెప్పించుకోవడానికి వెనకాడేవాళ్ళు. అలా చివరి నంబర్లు తక్కువగా జనంలోకి వెళ్ళాయి. సేకరించేవాళ్ళు వీటిని హై నంబర్లు అంటారు. 1952 సెట్టులో 407 కార్డులుంటే, 311 నుంచి చివరిదాకా హై నంబర్లే. అప్పట్లో అమ్ముడుపోని ఆ పెట్టెలను 1960లో పడవ మీద వేసి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆ సెట్టు రూపకర్త సై బెర్గర్ తర్వాత చెప్పుకున్నాడు. 1974 నుంచి అన్నీ ఒకేసారి రావడంతో ఈ కథ ముగిసింది.

ఇప్పుడు రెండు కార్డులు ఎదురెదురు పెట్టండి. ఒకటి 1968 టాప్స్ 177, నోలన్ రయన్ మొదటి కార్డు, జెర్రీ కూస్‌మన్‌తో కలిసి ఉన్నది. రెండోది 1967 టాప్స్ 581, టామ్ సీవర్ మొదటి కార్డు. ఇద్దరూ న్యూయార్క్ మెట్స్ జట్టు పిచర్లే (బంతి విసిరేవాళ్ళే), ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ మనుషులే. రయన్ కార్డు రెండో సిరీస్‌లో, సీజన్ మొదటి భాగంలో వచ్చింది; ఏ సంతకు వెళ్ళినా రెండుమూడు కనిపిస్తాయి. దాని ధర కొరత వల్ల కాదు, రయన్ మీద అభిమానం వల్ల వచ్చింది. సీవర్ కార్డు హై నంబరు. దానికి అభిమానమూ ఉంది, కొరతా ఉంది. రెండింటిలో ఒకటే కొనగలిగితే నేను సీవర్‌నే కొంటాను. మీవాడికి రయన్ అంటే ప్రాణమైతే రయన్ కొనండి, తప్పేమీ లేదు. అరుదైనది కొంటున్నాననే భ్రమతో మాత్రం కొనకండి.

1966 సెట్టులో చివరిదైన 598, గేలార్డ్ పెర్రీ, చూడండి. హై నంబరు, అందులోనూ తక్కువ అచ్చు, పైగా కట్టలో అడుగున ఉండి దెబ్బలు తిన్న కార్డు. మూడూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తక్కువ అచ్చు ఎలా వస్తుందంటే, షీటుకు 132 కార్డులు పడతాయి. సిరీస్‌లో 88 కార్డులే ఉంటే మిగిలిన 44 చోట్లు నింపడానికి కొన్నిటిని రెండోసారి వేస్తారు. రెండోసారి పడనివి సగమే వస్తాయి.

లేని కార్డు

దీన్ని వదిలిపెట్టి వెళ్ళలేను. 1933లో గౌడీ అనే గమ్ కంపెనీ 240 నంబర్ల సెట్టు వేసింది. పిల్లలు ఒక్కో పెన్నీ పెట్టి గమ్ కొంటూ నంబర్లు పూర్తి చేసుకుంటున్నారు. 105 దొరికింది, 107 దొరికింది, 106 మాత్రం ఎవరికీ దొరకలేదు. దొరకకపోవడానికి కారణం అది అచ్చే కాకపోవడం. మహామాంద్యం రోజులు, పెన్నీ కూడా లెక్కే. తల్లిదండ్రులు, పిల్లలు ఉత్తరాలు రాశారు. కంపెనీ 1934లో నాప్ లాజ్వే బొమ్మతో 106 అచ్చేసి, ఉత్తరం రాసినవాళ్ళకు పోస్టులో పంపింది. కాగితానికి క్లిప్పు పెట్టి పంపడం వల్ల ఇవాళ కనిపించే చాలా లాజ్వే కార్డుల పైఅంచున ఆ తీగ నొక్కు కనిపిస్తుంది. ఒక వేలంశాల ప్రదర్శనలో అద్దం అవతల నుంచి చూశాను. మిగతా అంచులన్నీ పదునుగా ఉన్నాయి, పైన ఒక్కచోట గోరుతో గీసినట్టు రెండు గీతలు. తొంభై ఏళ్ళ కిందట ఒక పిల్లవాడు కవరు చించి తీసి ఉంటాడు కదా అనిపించి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

అదే సెట్టులో బేబ్ రూత్‌కు నాలుగు కార్డులున్నాయి: 53, 144, 149, 181. వాటిలో 144 రెండుసార్లు అచ్చయింది. నాలుగూ ఖరీదే. రూత్ ఉండాలి అనుకుంటే 144 కాస్త సులువు, 53 కష్టం.

పుట్టుకతో అరుదు, పెంపకంతో అరుదు

కొన్ని కార్డులు తక్కువగా పుట్టాయి. కొన్ని లక్షల్లో పుట్టి మంచిగా మాత్రం మిగల్లేదు. రెండో రకాన్ని కండిషన్ కొరత అంటారు. ఇందులోనే కొత్తవాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు.

క్రాకర్ జాక్ దీనికి చక్కటి ఉదాహరణ. 1914లో 144 కార్డులు, బెల్లంపాకం పట్టిన పాప్‌కార్న్ పెట్టెలోనే నేరుగా వేసి ఇచ్చారు. పాకం అంటింది, మరకలు పడ్డాయి. 1915లో 176 కార్డులు వేసి, పెట్టెల్లో ఇవ్వడంతో పాటు 100 కూపన్లు పంపితే, లేదా ఒక కూపనూ 25 సెంట్లూ పంపితే, సెట్టు మొత్తాన్ని పోస్టులో ఇచ్చారు. పోస్టులో వచ్చినవి పాకం మొహం చూడలేదు. కాబట్టి రెండు సంవత్సరాల బొమ్మలు ఒకేలా ఉన్నా, మరక లేని 1914 కార్డు దొరకడం కష్టం, 1915ది దొరుకుతుంది. తేడా కనిపెట్టాలంటే కార్డును పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిరగేయండి. 1915లో వెనక వైపు అచ్చు తలకిందులుగా ఉంటుంది. చూసి ఆనందించడానికైతే శుభ్రమైన 1915 తీసుకోండి. మరక ఉన్న 1914 మీద నాకు వేరే ప్రేమ ఉంది, అది ఆ పెట్టెలోంచే వచ్చిందని మరకే చెప్తుంది.

1952 సెట్టులో ఒకటో నంబరు ఆండీ పాఫ్కో కూడా ఇంతే. కట్టలో పైన ఉండేది కాబట్టి రబ్బరు బ్యాండు గాట్లన్నీ దానికే. 1971 టాప్స్‌కు నల్ల అంచులు. మూల కొంచెం రాసుకున్నా లోపలి తెల్ల అట్ట కాటుక చెదిరినట్టు బయటపడుతుంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. మంచి అంచుకు డబ్బు వస్తుందంటే అంచు కత్తిరించేవాళ్ళు పుడతారు. నేను ఒకసారి గ్రేడ్ చేయని 1952 హై నంబరు కొన్నాను. మూలలు సూదుల్లా ఉన్నాయి, ధరా బాగుంది. ఇంటికొచ్చి అదే సెట్టులోని పాత, మూలలు అరిగిన కార్డు మీద పెట్టి చూస్తే కొత్తది గోరు మందమంత పొట్టి. భూతద్దంలో చూస్తే ఆ ఒక్క అంచు మిగతావాటికంటే తెల్లగా, నున్నగా ఉంది. అమ్మినాయన ఫోను ఎత్తలేదు. అప్పటినుంచి సంతకు వెళ్తే ప్రతి సెట్టులో ఒక చవక కార్డు కొలతకు పట్టుకెళ్తాను. ఇది చిన్నాచితకా వ్యవహారంలోనే జరిగేదని అనుకోకండి. ఒకప్పుడు హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ భాగస్వామిగా కొన్న ప్రసిద్ధ వాగ్నర్ కార్డును తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

లేబుల్ మీది అంకెను ఎలా చదవాలి

పీఎస్‌ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలు కార్డును పరీక్షించి 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. ఏ కార్డు ఏ గ్రేడులో ఎన్ని వచ్చాయో లెక్క కూడా వేస్తాయి. దాన్ని పాప్ రిపోర్ట్ అంటారు. "పాప్ 6 మాత్రమే" అని అమ్మేవాళ్ళు చెప్పేది దీని ఆధారంగానే.

ఆ లెక్క రెండు వైపులా తప్పుదోవ పట్టిస్తుంది. ఎక్కువ గ్రేడు వస్తుందనే ఆశతో డబ్బా పగలగొట్టి మళ్ళీ పంపేవాళ్ళున్నారు. పాత లేబుల్ తిరిగివ్వకపోతే ఒకే కార్డు రెండుసార్లు, మూడుసార్లు లెక్కకెక్కుతుంది. ఖరీదైన కార్డుల లెక్క ఇలా ఉబ్బుతుంది. అటువైపు, పేరులేని ఆటగాడి 1960ల కార్డును గ్రేడింగుకు ఎవరూ పంపరు, కార్డు ధర కంటే ఫీజే ఎక్కువ. కాబట్టి రిపోర్టులో ఆరే కనిపిస్తాయి, ఇళ్ళల్లో పెట్టెల కొద్దీ ఉంటాయి. ఆ ఆరులో ఒకదానికి పదింతలు ఇచ్చామంటే, రేపు ఎవరో ఇరవై పంపగానే మన డబ్బు గాలికి పోయినట్టే. 9 గ్రేడుకూ 7 గ్రేడుకూ మధ్య ధర తేడా చూసి గుండె ఆగుతుంది. ఆ రెండింటినీ డబ్బాలోంచి తీసి చేతికిస్తే మనలో చాలామందికి తేడా కనపడదు.

అటకల మీది సరుకు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2012లో ఒహాయో రాష్ట్రం డిఫయన్స్ అనే ఊళ్ళో ఒక ఇంటి అటక మీద 1910 నాటి ఈ98 అనే మిఠాయి సెట్టు కార్డులు సుమారు 700 దొరికాయి, నిన్న అచ్చేసినంత కొత్తగా. అప్పటిదాకా ఆ సెట్టులో అంత మంచి కార్డు అపురూపం. 2016లో దక్షిణాదిలోని ఒక కుటుంబం పెద్దవాళ్ళ ఇల్లు సర్దుతుంటే, పారేయబోయిన కాగితపు సంచిలో టై కాబ్ అనే పాతకాలపు గొప్ప ఆటగాడి కార్డులు ఏడు, వెనక కూడా టై కాబ్ పేరే ఉన్న రకం, బయటపడ్డాయి. అంతకుముందు ప్రపంచంలో తెలిసినవి పదిహేను వరకే. ఇలాంటివి ఎక్కువగా దెబ్బకొట్టేది కండిషన్ కొరతనే. ఏళ్ళ తరబడి వేలమంది వెతికి ఖాయం చేసిన అచ్చు కొరత ఒక అటకతో అంత తేలిగ్గా కదలదు.

దేనికి కొంటున్నాం అన్నదాన్ని బట్టి

మొదటి కార్డుగా పిల్లవాడి చేతిలో పెట్టడానికైతే టీ206లో సాధారణ ఆటగాడు, తక్కువ గ్రేడు, వెనక పీడ్‌మాంట్ లేదా స్వీట్ కాపొరల్ ప్రకటన ఉన్నది. వంద డాలర్లలోపే దొరుకుతుంది. వందేళ్ళు దాటిన కార్డు, అగ్గిపెట్టె కంటే కాస్త పొడవు. వెనక ప్రకటన గురించి ఒక్కటి గుర్తుంచుకోండి: ముందు బొమ్మ అదే అయినా వెనక డ్రమ్, ఉజిట్, లెనాక్స్ లాంటి బ్రాండు ఉంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్నేళ్ళు తిరిగాక పట్టుబడే రుచి అది, మొదట్లోనే దాని జోలికి వెళ్ళకండి.

అయిదారు వందల డాలర్లు పెట్టగలిగితే 1960ల హై నంబర్లు, 4 లేదా 5 గ్రేడులో. బొమ్మ నడిమధ్యన ఉండి, రంగు వెలవకుండా ఉంటే మూలలు అరిగినా పరవాలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఈ వ్యాపారానికి సరిగ్గా సరిపోతుంది. వేలంలో అమ్మితే కమిషన్, బల్ల దగ్గర అమ్మితే సగం మాట. అందుకే ఇల్లు కొనడానికి దాచిన డబ్బు ఇందులో పెట్టొద్దని గట్టిగా చెప్తాను. 1980ల చివర్లో, 1990ల మొదట్లో వచ్చిన సీలు పెట్టెలు గరాజ్ సేల్‌లో చవగ్గా కనిపిస్తాయి. అవి లెక్కకు మించి అచ్చయిన సంవత్సరాలు. పిల్లలు విప్పుకుని ఆనందించడానికి కొనండి, దాచడానికి కాదు.

నిజమైన కొరత ఉండాలి, ధర కొండెక్కకూడదు అనేవాళ్ళకు నా మొదటి సలహా టీ206లోని 48 మంది సదరన్ లీగ్ ఆటగాళ్ళు. దక్షిణాది చిన్న లీగుల వాళ్ళు, పెద్ద లీగ్ ఆటగాళ్ళ కంటే చాలా తక్కువగా అచ్చయ్యారు, ఎక్కువగా ఓల్డ్ మిల్ సిగరెట్లతోనే వచ్చారు. పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి పోటీ తక్కువ, తక్కువ గ్రేడులో కొన్ని వందల డాలర్లకు అందుతాయి. నా దగ్గర వర్జీనియాలోని రోనోక్ జట్టుకు ఆడిన షాగ్ షానెసీది ఉంది. ఆటగాడిగా గొప్ప పేరు రాలేదు గానీ, తర్వాత ఇంటర్నేషనల్ లీగ్‌కు చాలా ఏళ్ళు అధ్యక్షుడయ్యాడు; మొదటి నాలుగు జట్లు ప్లేఆఫ్ ఆడే పద్ధతి ఆయన పేరు మీదే నడిచింది. కింది ఎడమ మూలలో మడత ఉంది, వెనక ఎవరో పెన్సిల్‌తో 7 అని రాశారు. గ్రేడింగులో ఆ పెన్సిల్ గీతకు మార్కులు పోయాయి. అది చెరపమని ఒకరు సలహా ఇచ్చారు, నేను చెరపలేదు.